ఎమిరౌ దీవిలో క్రిస్మసు

యుద్ధము మొదలైన పిదప శత్రువును మనుష్యునిగా చూచుట మిక్కిలి కష్టము. అయినను ఆ కష్టమైన పనిని చేసినవారినే లోకము తరతరములుగా తలచుకొనుచుండును. కురుక్షేత్రమున రెండు సేనలును ఎదురెదురుగా మోహరించి నిలిచినపుడు ధర్మరాజు ఆయుధములను విడిచి, కవచమును తొలగించి, కాలినడకను శత్రుసేనలోనికి పోయి భీష్మద్రోణులకు నమస్కరించెను. లంకలో విల్లు విఱిగి, కిరీటము నేలగూలి, దిక్కుతోచక నిలిచిన రావణుని శ్రీరాముడు చంపక, అలసియున్నవాడని ఆనాటికి విడిచి పంపెను. ఈ కథలను మనము చిన్ననాటినుండియు వినుచున్నాము. ఇవి పురాణకాలపు మాటలనియు, ఫిరంగులతోడను విమానములతోడను జరుగు నేటి యుద్ధములలో ఇట్టివానికి తావు లేదనియు కొందఱందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదని తెలుపు ఉదంతమొకటి రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ మహాసముద్రములో జరిగినది. అందు దయయు కలదు, లెక్కయు కలదు. ఆ రెంటిని వేఱుపఱచి చూచుట ఎంత కష్టమో కూడ ఆ ఉదంతమే మనకు నేర్పును.

క్రిస్మసు క్రైస్తవులకు పెద్ద పండుగ. దూరదేశములందున్నవారు ఆ నాటికి ఇల్లు చేరవలెనని తహతహపడుదురు. చేరలేనివారికై ఇంటివారు దీపము వెలిగించి ఎదురుచూచుచుందురు. మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైన 1914వ సంవత్సరమున, బెల్జియము, ఫ్రాన్సు దేశములలో కందకములనుండి పోరాడుచుండిన బ్రిటిషు, జర్మను సైనికులు కొన్నిచోట్ల ఆ పండుగనాడు తుపాకులు దించి బయటికి వచ్చి చేతులు కలిపిరి. పొగాకును, గుండీలను, తినుబండారములను ఇచ్చిపుచ్చుకొనిరి. రెండు కందకముల నడుమ పడియున్న తమ తమ మృతులను పూడ్చుకొనిరి. ఈ సంగతి విని ఇరుపక్షముల సేనాధిపతులును ఆగ్రహించి, ఇకముందు అట్లు జరుగకుండ కట్టుదిట్టములు చేసిరి.

కందకములలో నున్నవానికి శత్రువు పాడు పాట వినబడును. తల పైకెత్తినచో ముఖము కనబడును. సముద్రముమీద ఆ వీలు లేదు. అక్కడ శత్రువనగా దూరమున కనబడు ఒక పొగగీటు మాత్రమే. మైళ్ళ దూరమునుండి ఫిరంగిని పేల్చువానికి ఆ గుండు ఎవరిమీద పడునో తెలియదు. ఓడ మునిగిన తరువాత అచట సమాధి కూడ మిగులదు. అట్టి సముద్రముమీద శత్రువుల ముఖములు ఒకరికొకరికి తెలియుట ఒక్క సందర్భమునందే జరుగుచుండెను. మునిగిన ఓడలోనివారిని ముంచినవారే పైకి తీసి, తమ ఓడలో బందీలుగా ఉంచుకొనినపుడు అట్లు జరుగుచుండెను. మన కథ అట్టి బందీలనుగూర్చినది.

1939వ సంవత్సరము సెప్టెంబరులో యుద్ధము మొదలైనది. బ్రిటను దీవి. ఆ దేశపు ప్రజలకు కావలసిన మాంసము, వెన్న, ఉన్ని మొదలైనవి ఆస్ట్రేలియా, న్యూజీలాండులనుండి ఓడలమీదనే రావలెను. ఆ రాకపోకలను తెగగొట్టినచో బ్రిటను లొంగిపోవునని జర్మనీ తలచినది. కాని బ్రిటిషు నౌకాదళము జర్మను దళముకంటె చాల పెద్దది. ఎదుట నిలిచి పోరాడుట సాధ్యము కాదు. కావున జర్మనులు ఒక ఉపాయము పన్నిరి. సామాన్యమైన సరకుల ఓడలను తీసికొని, వాని ప్రక్కలలో మడచి మూయదగిన రేకుతలుపుల వెనుక పెద్ద ఫిరంగులను దాచిరి. టార్పెడో గొట్టములను, సముద్రములో వేయు మందుపాతరలను, చిన్న నీటివిమానమును వానిలో అమర్చిరి. ఇట్టి ఓడ తన పేరును, రంగును, జెండాను, కావలసినచో పొగగొట్టపు ఆకారమును సయితము మార్చుకొని, యుద్ధముతో సంబంధము లేని దేశపు ఓడవలె సంచరించును. వ్యాపారనౌక దగ్గఱకు రాగానే తలుపులు తెఱచి, తన జెండాను ఎగురవేసి పైబడును. శత్రువును ఏమార్చుటకు వేషము వేయుట యుద్ధనియమములచే నిషిద్ధము కాదు. కాని మొదటి గుండు పేల్చుటకు ముందు నిజమైన జెండాను ఎత్తి తీరవలెను.

అట్టి మాఱువేషపు నౌకలలో రెండు ఓరియన్, కోమెట్ అనునవి. ఓరియన్ నౌక 1940 ఏప్రిల్ నెలలో జర్మనీనుండి బయలుదేఱినది. దాని అధిపతి కుర్ట్ వైయర్. జూన్ నెలలో ఆ నౌక న్యూజీలాండులోని ఆక్లండు రేవునకు చేరు దారులలో మందుపాతరలను వేసినది. జూన్ 19న నయాగరా అను ప్రయాణికుల నౌక వానిలో ఒకదానిని తాకి మునిగినది. అందులోనివారందఱును బ్రతికి బయటపడిరి. ఆగస్టు 20న టురకీనా అను సరకుల ఓడ లొంగుటకు నిరాకరించి, తనకున్న ఒక్క ఫిరంగితో ఓరియన్‌ను ఎదుర్కొని, తుదకు మునిగిపోయినది. దాని సిబ్బందిలో సగముకంటె ఎక్కువమంది మరణించిరి. మిగిలినవారు బందీలైరి.

కోమెట్ ప్రయాణము మఱింత చిత్రమైనది. దాని అధిపతి రాబర్ట్ ఐసెన్. నాడు జర్మనీకిని సోవియట్ రష్యాకును నడుమ పరస్పరము దండెత్తకుండునట్లు ఒడంబడిక కలదు. దాని బలముతో ఈ నౌక రష్యా మంచునౌకల సహాయమును పొంది, సైబీరియాకు ఉత్తరమున గడ్డకట్టిన సముద్రముగుండ దారి చేసికొనినది. చివరి భాగమున ఐసెన్ ఆ సహాయమును కూడ వదలి ఒంటరిగా ముందునకు సాగి, 1940 సెప్టెంబరు మొదటి దినములలో పసిఫిక్ సముద్రమున ప్రవేశించెను. అక్కడ ఓరియన్, కోమెట్ నౌకలు రెండును కలిసికొనినవి. ఇంధనమును ఆహారమును మోయు కుల్మర్లాండ్ అను సహాయనౌక కూడ వానితో చేరినది. జపాను అప్పటికి ఈ యుద్ధమున దిగలేదు. అందుచేత మూడు నౌకలును జపాను పేర్లు వ్రాసికొని, జపాను ఓడలవలె నటించుచు తిరుగసాగినవి.

నవంబరు 25న వీని చేతికి చిక్కినది హోమ్‌వుడ్ అను చిన్న ఓడ. అది న్యూజీలాండునకు తూర్పుననున్న చాథమ్ దీవులనుండి గొఱ్ఱెలను తీసికొని వచ్చుచుండెను. అందు స్త్రీలు, పిల్లలతో కలిపి 29 మంది కలరు. జర్మనులు మనుష్యులను, కొన్ని గొఱ్ఱెలను తమ నౌకలలోనికి చేర్చుకొని ఓడను ముంచివేసిరి. రెండు దినముల తరువాత, 27వ తేదీ తెల్లవాఱుజామున, రంగితానే అను 16,000 టన్నులకు మించిన పెద్ద ప్రయాణికుల ఓడ ఎదురైనది. ఆక్లండులో వెన్న, మాంసము నింపుకొని అది బ్రిటనునకు పోవుచుండెను. ప్రయాణికులలో కొందఱు స్త్రీలు ఒక మంచి పనిని ముగించుకొని మరలుచున్నవారు. బ్రిటనుమీద బాంబులు కురియుచున్నందున అక్కడి పిల్లలను సురక్షితమైన దేశములకు పంపుచుండిరి. అట్టి పిల్లలకు తోడుగా వచ్చి, వారిని దింపి, వీరు ఇండ్లకు తిరిగిపోవుచుండిరి. తమ ఓడకు ఆపద వచ్చినదని రంగితానే వైర్‌లెస్ ద్వారా చాటుచుండగా జర్మను నౌకలు గుండ్లు కురిపించినవి. ఓడలో స్త్రీలున్నారని తెలిసిన తరువాత కాల్పులు ఆగినవి. కాని అప్పటికే పదిమందికి పైగా మృతి చెందిరి. ఓడలోని పరిచారిక ఒకతె తాను గాయపడియు ఆ సంగతి చెప్పక ఇతరుల గాయములకు కట్లు కట్టినదట. ఆమెకు తరువాత ప్రభుత్వము పతకమొసంగి గౌరవించినది.

పట్టుకొనిన ఓడలోనివారిని క్షేమమైన చోట ఉంచిన పిదపనే ఓడను ముంచవలెనని అంతర్జాతీయ నియమము. మహాసముద్రము నడుమ చిన్న పడవలలో విడిచివేయుట క్షేమము కాదు. కావున రంగితానేలోని వారినందఱిని మూడు నౌకలలోనికి ఎక్కించుకొనిరి. గాయపడినవారికి జర్మను వైద్యులు చికిత్స చేసిరి. స్త్రీలలో చాలమందిని, పిల్లలను తరువాత కుల్మర్లాండ్‌లోనికి మార్చిరి.

అటుపిమ్మట నౌకలు మూడును భూమధ్యరేఖకు చేరువనున్న నౌరు దీవివైపు తిరిగినవి. నౌరులో ఫాస్ఫేటు రాతిగనులు కలవు. ఆ రాతినుండి తయారగు ఎరువే నాడు ఆస్ట్రేలియా, న్యూజీలాండు పొలములకును పచ్చికబీళ్ళకును జీవముగా నుండెను. డిసెంబరు 6 మొదలు 8వ తేదీవఱకు ఆ దీవి పరిసరములలో ఫాస్ఫేటు కొఱకు వేచియున్న అయిదు ఓడలను జర్మనులు ముంచిరి. దానితో బందీల సంఖ్య ఆఱువందలు దాటినది.

ఆ బందీల స్థితిని ఒక్కసారి ఊహింపుడు. భూమధ్యరేఖ దగ్గఱి ఎండ. ఓడ అడుగున, ఇనుప గోడల నడుమ, వందలమంది. త్రాగునీటికి కొలత, అన్నమునకు కొలత. రోజునకు కొంతసేపు పైకి పోయి గాలి పీల్చుటకు మాత్రము అనుమతి. క్రొత్త ఓడ కనబడినచో పై తలుపులు మూసివేయుదురు. అపుడు చీకటిలో కూర్చుండి, పైన పేలుచున్న ఫిరంగుల చప్పుడు వినుచు, ఆ గుండ్లు తమవారిమీదనే పడుచున్నవని ఎఱిగియు ఏమియు చేయలేకుండవలెను. అంతకంటె భయంకరమైన సంగతి ఇంకొకటి కలదు. తమ దేశపు యుద్ధనౌక వచ్చి ఈ మాఱువేషపు ఓడను పట్టుకొనినచో బందీలు సంతోషింపవలసినదే. కాని ఆ యుద్ధనౌక పేల్చు గుండు శత్రువును, బందీని వేఱుచేసి చూడదు. విడిపింపవచ్చినవారి చేతనే మరణము రావచ్చును. డిసెంబరు నెల గడచుచుండెను. ఇంటివద్ద తమ జాడ తెలియక కుటుంబములు తల్లడిల్లుచుండును. ఆ యేటి పండుగ తమకు ఓడ అడుగుననే గడచునని బందీలు తలపోసియుందురు.

నౌరు దీవిలో దిగి అక్కడి ఫాస్ఫేటు కట్టడములను నాశనము చేయవలెనని జర్మనుల తలంపు. కాని వాతావరణము అనుకూలింపలేదు. గాలియు అలలును ఎంతకును తగ్గకుండుటచే ఆ ప్రయత్నమును మానుకొనవలసివచ్చినది. ఇక ఆఱువందలకు పైబడిన బందీలను ఏమి చేయవలెను? వారికి పెట్టు అన్నము నావికుల అన్నములోనిదే. వారికి కావలి కాయుటకు మనుష్యులు కావలెను. అందు స్త్రీలు, పిల్లలు, గాయపడినవారు కలరు. ఇంతమందిని వెంటబెట్టుకొని నెలలతరబడి యుద్ధము చేయుట అసాధ్యము. వీరిని ఏదేని దీవిలో దింపి విడిచివేయవలెనని ఐసెన్ నిర్ణయించెను.

ఇక్కడనే ఇద్దఱు అధిపతులకు అభిప్రాయభేదము వచ్చినది. వైయర్ వాదము ఇట్లుండెను: ఈ బందీలలో శిక్షణ పొందిన నావికులు కలరు. ఓడ ఒకటి మునిగినచో మఱియొకటి కట్టవచ్చును. కాని మంచి నావికుని తయారుచేయుటకు ఏండ్లు పట్టును. నేడు విడిచిపెట్టిన నావికుడు ఱేపు మఱియొక శత్రునౌకను నడపును. కాబట్టి వారిని విడుచుట తన దేశమునకు ద్రోహము. ఈ వాదమును క్రూరమని త్రోసివేయుటకు వీలు లేదు. తన ధర్మమును తాను చూచుకొనిన సైనికుని మాటయే అది. వైయర్ తన నౌకలోనున్న యూరోపీయులైన బందీలను విడుచుటకు ఒప్పుకొనలేదు. ఐసెన్ మాత్రము తన నౌకలోను, కుల్మర్లాండ్‌లోను ఉన్నవారిని విడుచుటకే నిశ్చయించుకొనెను.

వారు ఎన్నుకొనిన చోటు ఎమిరౌ. న్యూ ఐర్లండు అను పెద్ద దీవికి వాయవ్యమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణమున నున్న చిన్న పగడపు దీవి అది. 1914వఱకు ఆ ప్రాంతమంతయు జర్మనీ పాలనలో ఉండెను. తరువాత ఆస్ట్రేలియా పరిపాలించుచుండెను. దీవిలో స్థానిక ప్రజలు కొన్ని వందలమంది, కొబ్బరితోటలను చూచుకొను యూరోపీయ కుటుంబములు రెండు కలవు. 1940 డిసెంబరు 21న, క్రిస్మసునకు నాలుగు దినములు ముందు, ప్రొద్దుననే మూడు ఓడలు తీరమున కనబడినవి. వానినుండి పడవలు మనుష్యులను దింపుచు తిరుగసాగినవి. స్త్రీలు, పిల్లలు, గాయపడినవారు, వృద్ధులైన ఓడ అధిపతులు, యువకులైన నావికులు, మొత్తము దాదాపు అయిదువందలమంది ఆ దినమున భూమిమీద కాలు మోపిరి. జర్మనులు వారికి ఒక పడవను కూడ విడిచిరి. అయితే తాము దూరముగా పోవువఱకు దానిని ఉపయోగింపరాదని చెప్పి, తమ దారిని తాము పోయిరి.

కాని అందఱును దిగలేదు. సుమారు 150 మంది ఓరియన్ నౌకలోనే మిగిలిపోయిరి. తోటివారు పడవలెక్కి తీరమునకు పోవుచున్నారని తెలిసియు వారు కదలుటకు వీలులేకపోయెను. వారు తరువాత యూరపునకు తరలింపబడి, జర్మనీలోని నిర్బంధ శిబిరములకు చేరిరి. యుద్ధము ముగియుటకు ఇంకను నాలుగేండ్లకు పైగా కలదు. ఎమిరౌ కథను చెప్పునపుడు తీరమున దిగినవారి సంతోషమును తలచి వీరిని మఱచుట న్యాయము కాదు.

తెల్లవాఱి లేచిన దీవివాసుల ఆశ్చర్యమును ఏమని చెప్పవచ్చును! దీవిలోని జనులెందఱో దాదాపు అందఱు అతిథులు ఒక్క దినమున వచ్చిపడిరి. మన పల్లెకు ఊరంతటికి సరిపడు చుట్టములు చెప్పకుండ దిగినట్లుగా నుండెను. యుద్ధము ఎవరిది, ఎవరు ఎవరితో పోరాడుచున్నారు అను ప్రశ్నలు వేయుచు కూర్చుండక, తోటల కుటుంబములును స్థానిక ప్రజలును పనికి పూనుకొనిరి. గాయపడినవారికిని స్త్రీలకును పిల్లలకును ఇండ్లలో చోటిచ్చిరి. మిగిలినవారికై కొబ్బరియాకులతో పాకలు వేసిరి. తోటలలోని పశువులను, పందులను కోసి వంటలు చేసిరి. కొబ్బరికాయలకు కొదువ లేదు. వచ్చినవారును ఊరకుండలేదు. ఓడలలోని వంటవారు వంటకు, వడ్రంగులు పాకలకు, పరిచారికలు రోగుల సేవకు నడుము కట్టిరి. వేర్వేఱు ఓడలవారు, వేర్వేఱు దేశములవారు ఆ దీవిలో ఒక్క ఊరివారైరి.

కొందఱు నావికులు పడవమీద బయలుదేఱి, సుమారు 70 సముద్రపు మైళ్ళ దూరముననున్న కావియెంగ్ అను పట్టణమును చేరి వార్త తెలిపిరి. అంతవఱకు రంగితానే ఏమైనదో, నౌరు ఓడలలోని నావికులు బ్రతికియున్నారో లేదో లోకమునకు తెలియదు. చనిపోయినవారని ఏడ్చుచున్న ఇండ్లకు, వారు బ్రతికియున్నారను మాట పండుగ దినములలో చేరినది. కావియెంగ్‌నుండి సహాయము వచ్చినది. ఆ యేటి క్రిస్మసును వారు కొబ్బరిచెట్ల నీడలో, ఇసుకమీద జరుపుకొనిరి. విందులేని పండుగ అది. అయినను తలుపులు మూసిన ఓడ అడుగునుండి వచ్చినవారికి తలపైనున్న ఆకాశమే విందు.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించు విశేషమొకటి కలదు. వారిని ఆస్ట్రేలియాకు తీసికొనిపోవుటకు వచ్చిన ఓడ పేరు ‘నెల్లూరు’. పెన్నానదీతీరమున నున్న మన నెల్లూరి పేరే అది. భారతదేశముతో చిరకాలము వ్యాపారము నడపిన పి అండ్ ఓ అను ఆంగ్ల నౌకా సంస్థ 1913లో దానిని కట్టించినది. తరువాత అది చేతులు మారి, ఆస్ట్రేలియాకును తూర్పు ఆసియా రేవులకును నడుమ తిరుగుచుండెను. డిసెంబరు చివరి దినములలో ఎమిరౌ చేరి, అది ఆ ప్రయాణికులను ఎక్కించుకొని, 1941 జనవరి 1న, సరిగా నూతన సంవత్సరాది దినమున, ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ రేవున దింపినది. ఏ నెల్లూరు రైతును, ఏ నెల్లూరు నావికుడును ఎఱుగని దూరదేశమున ఆ ఊరి పేరు అయిదువందల కుటుంబములకు శుభవార్తయైనది.

కథ ఇంతటితో ముగిసినచో వినుటకు సొంపుగా నుండును. కాని నిజమైన కథలు అట్లు ముగియవు. బందీలను విడిచిన ఆఱవ దినమున, డిసెంబరు 27న, ఐసెన్ తన నౌకతో నౌరు దీవికి మరలివచ్చెను. ఫాస్ఫేటు కట్టడముల చెంతనుండి తొలగిపొమ్మని దీవివారిని ముందుగా హెచ్చరించి, జర్మను జెండాను ఎత్తి, ఓడలకు ఫాస్ఫేటు నెక్కించు యంత్రములను, నూనె నిలువలను గుండ్లతో ధ్వంసము చేసెను. హెచ్చరించుటవలన ఒక్క ప్రాణమును పోలేదు. కాని ఆ యంత్రములు పాడగుటచే ఆస్ట్రేలియా, న్యూజీలాండు రైతులకు ఎరువు కొఱతయైనది. దయచూపిన చేయియే ధ్వంసమును చేసినది. ఐసెన్ యుద్ధమును మానినవాడు కాడు. యుద్ధము చేయుచునే, చంపనక్కఱలేని చోట చంపనివాడు.

విడుదలయైనవారిని ఆస్ట్రేలియా నౌకాదళ అధికారులు ప్రశ్నించిరి. జర్మను నౌకల ఆకారమెట్టిది, ఏ పేర్లతో తిరుగుచున్నవి, ఎన్ని ఫిరంగులు కలవు, ఏయే దారులలో వచ్చినవి అను సంగతులెన్నో వారివలన తెలిసినవి. న్యూజీలాండు, ఆస్ట్రేలియాల నడుమ తిరుగు ఓడలను ఇకపై యుద్ధనౌకల కాపుదలతో పంపసాగిరి. వైయర్ భయపడినంతయు జరిగినది. ఈ సమాచారము బెర్లిన్‌కు చేరినంతట జర్మను నౌకాదళ ప్రధాన కార్యాలయము, ఇకముందు ఏ నౌకయు బందీలను విడిచిపెట్టరాదని ఆజ్ఞాపించినది. 1914లో కందకముల దగ్గఱ జరిగినదే సముద్రముమీదను జరిగినది. స్నేహము ఒక్క దినము తలయెత్తినది. మఱునాడు దానిని నిషేధించుచు ఉత్తరువు వచ్చినది.

ఆ నౌకల గతి ఏమైనదో తెలిసికొనుట మంచిది. కోమెట్ నౌక 1942 అక్టోబరులో, వేఱొక అధిపతి చేతిక్రింద ఇంగ్లీషు ఛానలులో పోవుచు, బ్రిటిషు టార్పెడో పడవ దెబ్బకు పేలి మునిగినది. అందులోనివారొక్కరును మిగులలేదు. ఓరియన్ నౌక యుద్ధము ముగియుటకు కొలది దినములు ముందు, 1945 మే 4న, వేలకొలది శరణార్థులను మోసికొనిపోవుచు విమానదాడికి గురియైనది. ‘నెల్లూరు’ నౌకను 1944 జూన్ నెలలో జపాను జలాంతర్గామి హిందూ మహాసముద్రములో ముంచినది. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఎమిరౌ దీవియు యుద్ధమును తప్పించుకొనలేదు. 1944 మార్చిలో అమెరికను సైన్యము అక్కడ దిగి విమానాశ్రయములను కట్టినది. పండుగనాటి పాకలు వేసిన దీవిమీదనే బాంబు విమానముల రొద వినబడినది.

అయితే ఐసెన్ చేసినది దయయా, లెక్కయా? అన్నము చాలదు, చోటు చాలదు, కావున విడిచెనని కొందఱందురు. అది నిజమే. కాని అన్నము చాలమి ఓరియన్ నౌకలోను కలదు. అక్కడి బందీలకు విడుదల కలుగలేదు. ఒకే కష్టము ఇద్దఱి యెదుట నిలిచినపుడు ఒకడు ఒక దారిని, ఇంకొకడు ఇంకొక దారిని ఎన్నుకొనిరి. లెక్క దారిని చూపవచ్చును గాని, ఆ దారిని నడచునది మనుష్యుడే. అవసరము కలిసియున్నంత మాత్రమున మంచిపని మంచిపని కాకపోదు. అట్లే, మంచిపని చేసినంత మాత్రమున మనుష్యుడు దేవుడు కాడు.

ఒక్క సంగతి మాత్రము చెప్పక తీఱదు. ఈ కథలో ఏ లెక్కయు వేయనివారు ఎమిరౌ దీవి ప్రజలు. ఆ యుద్ధము వారిది కాదు. దానిని ఆరంభింపుడని వారినెవ్వరును అడుగలేదు. వచ్చినవారు తమ భాషవారు కారు, తమ జాతివారు కారు. శత్రువు బందీని విడిచిపెట్టుట గొప్పయే. విడిచిపెట్టిన బందీకి నీడయు కూడును పెట్టుట అంతకు తక్కువ గొప్ప కాదు. మొదటి పనిని చేసిన నౌకాధిపతుల పేర్లు చరిత్రగ్రంథములలో కలవు. రెండవ పనిని చేసిన ఆ దీవివాసుల పేర్లను వెదకువారు అరుదు. అయినను 1940వ సంవత్సరపు క్రిస్మసునాడు అయిదువందలమంది ఆకాశము క్రింద కూర్చుండి తినిన ఆ కొబ్బరితోటల భోజనము వారు వడ్డించినదే.